మందాకిని కట్టని చీర

దిగీ దిగగానే చెప్పెయ్యాలి, ఇంటిదాకా ఆగితే మళ్లీ నోరు రాదు, అనుకుంది ఐశ్వర్య. బండి ఇంకా హిందూపురం ప్లాట్‌ఫారం వదల్లేదు. కిటికీ పక్కన సీటు దొరికినందుకు ఒక సంతోషం, ఒళ్లో అమ్మ కట్టిచ్చిన ఓళిగల డబ్బా ఇంకా వెచ్చగా ఉన్నందుకు ఒక సంతోషం, ఆషాఢం పోయి శ్రావణం వచ్చినందుకు, అంటే నెల తర్వాత ఈ పూట మొగుడి పక్కన కూచుని అన్నం తినబోతున్నందుకు అన్నిటికంటే పెద్ద సంతోషం, ఈ సంతోషాలన్నిటి అడుగున, పరుపు కింద మరిచిపోయిన దువ్వెన మాదిరి ఆ ఒక్క మాట గుచ్చుకుంటూనే ఉంది. సురేంద్ర అనంతపురం ఆఫీసు నుంచి ఎనిమిదింటికి గానీ రాడు, కాబట్టి ధర్మవరం స్టేషన్ బయట మామ లక్ష్మీనారాయణే తన పాత మోపెడ్ వేసుకొచ్చి నిలబడి ఉంటాడు. ఆయనకే చెప్పాలి. మీరు నేసిన చీర, మందాకిని కట్టిన చీర అని మీరు అంగడి వాళ్లకు చెప్పిన చీర, ఆ మందాకిని ఏ రోజూ కట్టలేదు మామా, నేను చూడకుండా చెప్పినా, అని. ఒక పడుగుకు మూడు చీరలు. రెండు అప్పుడే అంగడికి పోయాయి. మూడోది రేపు, శ్రావణ శుక్రవారం పొద్దున్నే మగ్గం మీంచి కోసి, మడత పెట్టి, చంకలో పెట్టుకుని పోతాడు ఆయన, పోయి అదే మాట ఇంకోసారి చెబుతాడు.

ఫోను వణికింది. ఎక్కినావా, కిటికీ దొరికిందా, అని సురేంద్ర. దొరికింది అని రాసి, ఊరికే ఉండలేక కిటికీ ఊచల మీద తన గాజుల చెయ్యి పెట్టి ఫొటో తీసి పంపింది, పెళ్లయి ఐదు నెలలైనా తన చేతికి గాజులు నిండుగా ఉండటం తనకే వింతగా ఉంటుంది, బండి కదిలితే అవి కూడా కదిలి సద్దు చేశాయి, రైలు గేటు దగ్గర ఆగిన ఆటోలు, రేకుల గోదాములు, ఊరు చివరి చింతచెట్లు వెనక్కి పోతుంటే ఆ సద్దు వింటూ కూచుంది. ఎవరికి తెలుస్తుంది, అన్నాడు కదా సురేంద్ర, నువ్వు చెప్పకపోతే నాయనకు ఎవరు చెప్తారు, వదిలెయ్. నిజమే. ఎవరూ చెప్పరు. అదే కదా కష్టం.

మందాకిని అంటే టీవీలో పిల్ల. ఆ సీరియల్‌కు వేరే పేరేదో ఉంది, రోజూ తెర మీద బంగారు అక్షరాలతో పడుతుంది, అయినా వాళ్ల వీధిలో ఆ పేరు ఎవరూ పలకరు, మందాకిని వచ్చే యాళయింది అంటారు, పక్కింటి పిల్ల రోజూ ఆ వేళకు పెరుగు తోడుకు వస్తున్నట్టు. పెళ్లయి వచ్చిన రెండో రోజు ఆ మాట విని ఐశ్వర్య లోపల్లోపల నవ్వుకుంది. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో తనకు పేరు తెచ్చిందే సీరియళ్ల మిమిక్రీ, ఒకే మొహాన్ని మూడుసార్లు తిప్పి, మూడుసార్లూ నోటితోనే డప్పు కొట్టి, అత్తగారి కళ్లు ఇంతింత చేసి చూపిస్తే మెస్సులో పిల్లలు పళ్లేల మీద చేతులతో వాయించేవాళ్లు. ఇప్పుడు నిజంగా అత్తగారింటికి వచ్చి చూస్తే అత్త చౌడక్క కళ్లు చిన్నవి, నవ్వితే మూసుకుపోయేవి, ఆ కళ్లతో ఆమె టీవీ ముందు రాట్నం పెట్టుకుని కండెలు చుడుతూ, దారం మీద ఒక కన్ను, మందాకిని మీద ఒక కన్ను వేసి ఏడుస్తూ ఉంటుంది. కిటికీ కింద గుంటమగ్గంలో నడుము దాకా దిగి మామ నేస్తూ ఉంటాడు. వెలుతురు కోసం మగ్గం కిటికీ వైపు, ఖాళీగా ఉన్నది ఎదుటి గోడ ఒక్కటే కాబట్టి టీవీ ఆయన వీపు వెనక. పద్నాలుగేళ్లుగా ఆ టీవీలో ఎన్ని సీరియళ్లు పుట్టి ఎన్ని పోయాయో, మామ ఒక్క మొహం కూడా చూసి ఎరగడు. తల తిప్పితే పోగు పోతుంది. గొంతులు వింటాడు, వాటికి తనే మొహాలు పెట్టుకుంటాడు, గొంతులు ఆగిపోయి సంగీతం ఒక్కటే వస్తున్నప్పుడు మాత్రం ఏమైంది అని వెనక్కి అడుగుతాడు, అత్త చెప్పాలి. "మీ యత్త యాడ చెప్తాదమ్మా, ఏడుస్తాది. ఆ ఏడుపును బట్టి కత నేను కట్టుకోవల్ల," అన్నాడు ఒకరోజు. అందుకు అత్త, "ఈయనకు కత యాల, సీర సాలు. మనిషి సచ్చిపోతాందిరా దేవుడా అంటే, ఏం సీర కట్టుకోని సస్తాంది అంటాడు," అంది. ఆయన పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపలేదు. "మాటలైతే ఇనపడతాయి గదనే, రంగులే ఇనపడవు," అన్నాడు.

రంగులే ఇనపడవు. ఆ మాట ఆ రోజు తమాషాగా తోచింది, సురేంద్రకు మెసేజ్ కూడా పెట్టింది, మీ నాయన కవి అని. ఇప్పుడు మాలుగూరు దాటాక ఎర్రమట్టి చేలల్లో శెనక్కాయ మొలకలు చిన్నచిన్నగా లేచి, మబ్బు నీడ పడినచోట ఒక పచ్చ, ఎండ పడినచోట ఇంకో పచ్చ కనిపిస్తుంటే, ఈ రెండు పచ్చలకు తేడా మాటల్లో చెప్పమంటే ఎట్లా చెబుతాను అనిపించింది. కళ్లున్నవాళ్లు లెక్కే చెయ్యరు. వీపు వెనక ప్రపంచం పెట్టుకుని కూచున్న మనిషికి ఎవరో ఒకరు చెప్పాలి, ఆ చెప్పేవాళ్లు చూసి చెప్పాలి, అంతే, ఇంతకంటే పెద్ద ధర్మమేమీ లేదు అందులో, ఆ చిన్నది కూడా తను చెయ్యలేదు.

ఆ రోజు అత్త తలుపుల అనే ఊళ్లో ఎవరికో కాన్పయిందని చూడ్డానికి పోయింది. ఇంట్లో తనూ మామా. పెళ్లయి పది రోజులు, ఒళ్లో పళ్లెం పెట్టుకుని కూరకు తరుగుతూ కూచుంది, పళ్లెం పక్కన ఫోను, ఫోనులో సురేంద్ర, రైల్లో నిలబడి వస్తూ చెమటలు పట్టిన మొహం ఫొటో పంపితే దానికి ఏం జవాబు రాయాలా అని తీపిగా ఆలోచిస్తోంది. టీవీ తన మానాన తను మోగుతోంది. అందులో తలుపు కిర్రుమని తెరుచుకున్న సద్దు, వెంటనే వేణువు. మామ అడిగాడు, "వచ్చింది ఎవురమ్మా? మందాకినేనా? ఏం కట్టింది?" ఐశ్వర్య తల ఎత్తలేదు. "చిలకపచ్చ చీర మామా, వంగపండు అంచు," అంది. అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు, ఆ నిమిషంలో పావు వంతు కూడా పట్టలేదు. నాడె ఆగింది. "చిలకపచ్చకు వంగపండా," అన్నాడు మామ తనలో తను, రెండు మూడుసార్లు అన్నాడు, నోట్లో బెల్లంముక్క వేసుకుని చప్పరిస్తున్నట్టు. మళ్లీ నాడె ఆడింది. తను సురేంద్రకు జవాబు రాసింది, ఏం రాసిందో ఇప్పుడు గుర్తు లేదు.

మరి ఆ మందాకిని ఎప్పుడు నచ్చింది తనకు? ఫలానా రోజు అని చెప్పగలదు. ఆ ఇంట్లో ఏదో విందు, మందాకినిని నలుగురిలో నిలబెట్టి ఒక మాట అంటారు, అందరూ తిని వెళ్లిపోతారు, ఆ పిల్ల వంటింట్లోకి వస్తుంది. కొళాయి కారుతూ ఉంటుంది, టప్ టప్ టప్. కట్టేస్తుంది, అయినా కారుతుంది. అప్పుడు మందాకిని ఒక గుడ్డపేలిక తెచ్చి కొళాయి మూతికి కట్టి చివర బిందెలోకి వేలాడదీస్తుంది, నీళ్లు ఆ గుడ్డ వెంబడి సద్దు లేకుండా జారిపోతాయి, ఆ పిల్ల అది చూస్తూ నిలబడుతుంది. ఏడవదు. సీరియల్ వాళ్లు కూడా మరిచిపోయినట్టున్నారు, ఆ అర నిమిషం సంగీతం లేదు. ఐశ్వర్య చేతిలో ఫోను చీకటైపోయింది. తన అమ్మ, నాయనతో మాటపడిన రోజుల్లో, ఇట్లాగే వంటింట్లో ఏదో ఒక పనికిమాలిన వస్తువును సరిచేస్తూ నిలబడేది, గిన్నెల మూతలు సైజు ప్రకారం పేర్చేది, ఎప్పుడూ చూసిన దృశ్యమే, ఎవరో దాన్ని తీసి ఎదురుగా పెట్టేవరకూ చూశానని తెలియలేదు. "ఏం సద్దు లేదే, కరెంటు పోయిందా?" అన్నాడు మామ. "లేదు మామా, కొళాయికి గుడ్డ కడతాంది." "ఎట్ల కడతాంది?" చెప్పింది. ముడి ఎక్కడ వేసిందో, చివర ఎంత పొడుగు వదిలిందో, కొంగు ఎట్లా దోపుకుందో, ఆ రోజు మొదటిసారి తెర మీంచి కళ్లు తిప్పకుండా చెప్పింది. మర్నాడు ఇంట్లో కారే కొళాయికి తనూ ఒక గుడ్డ కట్టింది. అత్త చూసి, "ఏమే మందాకినీ, ఆ పేలిక నా జాకెట్‌ది గదే," అని కళ్లు మూసుకుపోయేలా నవ్వింది.

ఆ తర్వాత ఇంక చెప్పేదేముంది, ఏడుంబావుకే వంట ముగించడం, ఏడున్నరకు సురేంద్ర ఫోను చేస్తే తర్వాత మాట్లాడతా అని పెట్టెయ్యడం, నేను గొప్పా ఆ మందాకిని గొప్పా అని అతను అలిగితే ఒక క్షణం నిజంగానే ఆలోచించడం. తనకు తనే సిగ్గుపడింది కూడా. హాస్టల్ పిల్లలకు తెలిస్తే ఏమంటారు. మూడుసార్లు తిరిగే మొహాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, డప్పు ఇప్పటికీ మోగుతోంది, తొంభై పాళ్లు అంతా అదే తంతు, కానీ ఏ రోజు మళ్లీ ఒక కొళాయి కారుతుందో, ఏ రోజు ఆ పిల్ల మళ్లీ ఒక గుడ్డ కడుతుందో ఎవరికి తెలుసు. ఆ పది పాళ్ల కోసం రోజూ కూచోవాలి. కాపురం కూడా కొంత ఇట్లాగే ఉంటుందేమో అనిపించి, ఎవరైనా విన్నారేమో అన్నట్టు చుట్టూ చూసి, తనలో తనే నవ్వుకుంది.

జ్యేష్ఠంలో మామ సొంత పడుగు వేశాడు. ఏడాదికి ఒక్కసారి వేస్తాడట అట్లా, అంగడి వాళ్లు చెప్పిన రంగు కాకుండా తనకు నచ్చిన రంగు. అద్దకం నుంచి వచ్చిన పట్టు మగ్గం మీద పరిచినప్పుడు, గదిలోకి చిలకల గుంపు వచ్చి వాలినట్టు ఉంటే, "ఎంత బాగుండాది మామా, ఏం రంగు ఇది?" అని చప్పట్లు కొట్టినంత పని చేసింది. ఆయన గుంటలోంచి తల ఎత్తి చూశాడు. "నువ్వు చెప్పిందే గదమ్మా. మందాకిని కట్టింది." ఇక్కడే, బండి చాకర్లపల్లి దగ్గర సిగ్నల్ కోసం ఆగి ఊరికే నిలబడి ఉన్న ఈ చోట, ఐశ్వర్య మనసు మళ్లీ మళ్లీ వచ్చి ఆగుతుంది. ఎందుకంటే ఆ రోజు తను అబద్ధం చెప్పలేదు. అవును మామా అంది, అంటున్నప్పుడు తనకు నిజంగా కనిపించింది, తలుపు తీసుకుని చిలకపచ్చ చీరలో వస్తున్న మందాకిని, వంగపండు అంచు గడపకు తగిలి కాస్త పైకి లేచింది కూడా. చూడని దాన్ని ఇంత వివరంగా ఎవరు గీశారు తన లోపల? మందాకిని అంటే ఇష్టం పెరిగేకొద్దీ, ఇష్టం లేని రోజుల్లో చెప్పిన మాటకు కూడా ఆ ఇష్టమే పోయి రంగు వేసింది. మామ కూడా అంతే. అంగట్లో చెప్పాడు, ఇది మందాకిని కట్టిన చీర అని. ఆయన చెబితే ఇంక అడిగేదేముంది. లక్ష్మీనారాయణ జరీ అన్నాడంటే గీకి చూడాల్సిన పని లేదు అంటారు ఆ వీధిలో, ఇరవై ఏళ్లు మెత్తగా, ఎవరితోనూ గట్టిగా మాట్లాడకుండా సంపాదించుకున్న పేరు, దాని మధ్యలోకి కోడలు పోయి, కూర తరుగుతూ, తల ఎత్తకుండా...

బయటపడింది ఆషాఢంలో. కొత్తకోడలు అత్త గడప లోపల ఉండకూడదని పంపేశారు, హిందూపురంలో పుట్టింట్లో పగలంతా పనేముంది, ఏడున్నరకు అత్తకు ఫోను కలిపి పెట్టుకుని ఇద్దరూ రెండు ఊళ్లలో ఒకే సీరియల్ చూసేవాళ్లు, అత్త ఏడుపు ఫోనులోంచి వచ్చేది, ఆ వెనక మగ్గం సద్దు, మగ్గం సద్దు వెనక మామ గొంతు, "ఏం కట్టిందో అడుగు ఆ పిల్లను." అత్త పక్కనే ఉంది, టీవీ అక్కడే ఉంది, అయినా ముప్పయి కోసుల అవతలున్న కోడలినే అడిగేవాడు. మామిడిపిందె రంగు మామా, అంచు సన్నం, అని తను ఫోనులోకి చెప్పేది, చెప్పి పొంగిపోయేది. ఆ పొంగులోనే మధ్యాహ్నాలు మొదటి ఎపిసోడ్ నుంచి అంతా ఫోనులో చూడ్డం మొదలుపెట్టింది, హేళన చేస్తూ పోగొట్టుకున్న రోజులన్నీ రాబట్టుకోవాలని. అట్లా చూస్తూ చూస్తూ ఆ రోజు దగ్గరికి వచ్చింది. తలుపు కిర్రుమంది. వేణువు వచ్చింది. తలుపు తీసింది ఇంటి పనిమనిషి. మందాకిని జ్వరంతో మంచం మీద, గొంతు దాకా దుప్పటి. చీరే లేదు. వెనక్కి తిప్పి చూసింది, ముందుకు తిప్పి చూసింది, ముందు రోజుదీ మర్నాటిదీ చూసింది, ఆ వారమంతా చూసింది. చిలకపచ్చ ఎక్కడా లేదు.

పెనుకొండ వస్తోంది. కిటికీకి అవతల కొండ లేచి నిలబడింది, మధ్యలో కోటగోడ గీత గీసినట్టు. ఐశ్వర్య మొహం తనకు తెలియకుండానే విచ్చుకుంది. అల్లుడు అత్త గడప తొక్కకూడదు, కోడలు అత్త గడప తొక్కకూడదు, కానీ కొండలకు గడపలేముంటాయి అన్నాడు సురేంద్ర, అంతే, ఆషాఢంలో రెండు ఆదివారాలు అతను ధర్మవరం నుంచి, తను హిందూపురం నుంచి వచ్చి ఇదిగో ఈ స్టేషన్లో దిగారు. రెండోసారి అతని సంచిలో కర్జికాయలున్నాయి, ఎక్కడివి అంటే, "మాయమ్మ ఇచ్చింది. పెనుకొండలో ఎవురైనా కనపడితే ఇయ్యి అనింది," అన్నాడు. ఎంత నవ్వారో. బురుజు నీడలో కూచుని చేతులకు అంటిన చక్కెరపొడి దులుపుకుంటూ చీర సంగతి చెప్పింది. అతను కూడా ముందు నవ్వాడు, తర్వాత వదిలెయ్ అన్నాడు, నాయన సంతోషంగా నేస్తాండాడు, ఇప్పుడు పోయి అది కాదని చెప్తే ఆ సంతోషం పోతాది తప్ప ఏమొస్తాది, అన్నాడు. కింద చెరువు మీద గాలి పోతుంటే నీళ్లు రంగు మారుతున్నాయి, ఈ రంగు మామకు ఎట్లా చెప్పాలి అనే ఆలోచన వచ్చింది మళ్లీ. అప్పుడే అర్థమైంది ఏమొస్తుందో. చెప్పకపోతే ఇంక ఏ రంగూ చెప్పలేకపోతుంది తను. ఏం కట్టిందమ్మా అని ఆయన అడిగిన ప్రతిసారీ నోట్లో ఆ చిలకపచ్చే అడ్డం పడుతుంది.

బండి ఆగింది. ఒకావిడ పెద్ద గుడ్డసంచి ముందు తోసి, తర్వాత తను ఎక్కింది. "కొంచెం జరుగు తల్లీ. ఈ సంచి ఈడ పెట్టుకుంటా," అని, కూచుని, కొంగుతో మొహం తుడుచుకుని, ఐశ్వర్య మెట్టెలు, గాజులు, ఒళ్లో డబ్బా అన్నీ ఒక చుట్టు చూసింది. "ధర్మవరమా? అత్తగారిల్లా? ఆషాఢం అయిపోయిందని పరుగెత్తుతాండావు. మా ఎదురింటి పిల్ల కూడా ఇట్లే, నెల దినాలు ఫోన్లోనే కాపురం చేసె." ఐశ్వర్య సిగ్గుపడి నవ్వింది. ఆవిడ ఫోను తీసి, చెవులకు ఏమీ పెట్టుకోకుండా, బోగీ అంతా వినేలా పెట్టింది. మందాకిని గొంతు. "నువ్వు సూస్తావా ఇది? మా ఇంటాయన ఎక్కిరిస్తాడు. అది నటన జాహెదా, నీ కండ్లల్లో నీళ్లు మాత్రం అసలైనవి, అంటాడు."

"చూస్తానక్కా."

"అయితే నిన్ను అడగల్ల. మీ ధర్మవరంలో మందాకిని చీర వచ్చిందంట గదా, చిలకపచ్చకు వంగపండు అంచు. మా కూతురు షబానా చెప్పె. ఆయమ్మ అది ఏ పొద్దు కట్టిందో నాకు గ్యాపకమే లేదు తల్లీ, ఒక్క ఎపిసోడ్ పోగొట్టుకోను నేను. ఆ పొద్దు నాకే కండ్లు సరిగ్గా కనపడలేదేమో. నేసినాయన పెద్దమనిషంట, అబద్దం చెప్పేటోడు కాదంట."

"ఆయన చెప్పరక్కా," అంది ఐశ్వర్య. ఆయన చెప్పరు. చూసిన కళ్లను ఈవిడ అనుమానిస్తోంది, ఒక్కరోజు కూడా తప్పకుండా చూసిన కళ్లను, చూడని తన మాట కోసం.

మక్కాజిపల్లి దాటాక బండి వంపు తిరిగింది, గుడ్డసంచి ఒరిగింది, మూతి విప్పుకుని వంకాయలు దొర్లాయి, సీటు కిందికి, కాళ్ల మధ్యకు, తలుపు దాకా. "అయ్యో నా వంకాయలు, మా పెరట్లోవి, కూతురికని తెస్తాండా," అని జాహెదా ఒకవైపు, ఐశ్వర్య ఒకవైపు వంగి ఏరుతున్నారు. లేత వంకాయలు, పొద్దున్నే కోసినవి, ఒళ్లంతా నిగనిగలాడే వంగపండు రంగు, తల మీద ముచ్చికలు ఇంకా వాడలేదు, పచ్చగా, ముళ్లతో, చిలక రెక్క విప్పినట్టు... ఐశ్వర్య చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఒళ్లో పళ్లెం. పళ్లెంలో కూరకు తెచ్చినవి. ఫోను మీద ఒక కన్ను, కత్తి మీద ఒక కన్ను, ఏం కట్టింది అని ఆయన అడిగేటప్పటికి తన కళ్ల ముందు ఉన్నవి. నెలంతా బుర్ర బద్దలు కొట్టుకుంది ఎక్కడి నుంచి వచ్చాయి ఆ రెండు రంగులు, అవ్వ పెట్టెలోని చీరా, చిన్నప్పటి పావడానా, ఏ జన్మదో అని. వంకాయలు. ఐశ్వర్యకు నవ్వు వచ్చింది, ఆపుకోలేనంత, సీటు పట్టుకుని కింద కూచుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది, జాహెదా బెదిరిపోయి, "ఏమైంది తల్లీ, కడుపులో ఏమన్నా..." అని, అంతలోనే ఆ మాట వేరే అర్థానికి పోయినట్టుంది, "శుభమేనా?" అని మెల్లగా అడిగింది. లేదక్కా, లేదక్కా, అని చేతులు ఊపుతూనే ఇంకా నవ్వింది. నవ్వు అయిపోయాక కడుపులో బరువు తిరిగి వచ్చి తన చోట తను కూచుంది, కాకపోతే ఇప్పుడు దానికి ఒక ఆకారం ఉంది, వంకాయంత.

నాగసముద్రం. తర్వాత ఇంకేముంది, ధర్మవరమే. స్టేషన్ బయట మోపెడ్ పక్కన మామ, ఉతికిన తెల్లచొక్కా, చేతివేళ్ల మీద పచ్చరంగు నీడ. "బాగుండావా అమ్మా, నాయన బాగుండాడా," అని డబ్బా తీసుకుని ముందు తగిలించుకున్నాడు. ఎదురుగా నిలబడి చెప్పలేకపోయింది. వెనక కూచుంది. బండి కదిలాక, ఎప్పటిలాగే ఆయన వీపు తన ముందు ఉంటే, ఎప్పటిలాగే ఆ వీపుకు చెప్పడం మొదలుపెట్టింది. మామా, ఆ పొద్దు నేను టీవీ చూడలేదు మామా, అని. అంతా చెప్పింది, ఫోను సంగతి, పనిమనిషి, వారం ముందూ వెనకా వెతికిన సంగతి, రైల్లో ఆవిడ అన్న మాట కూడా. ఒక పట్టుచీరల అంగడి పోయింది, ఇంకొకటి పోయింది, గాజుతలుపుల వెనక దీపాలు, బొమ్మలకు కట్టిన చీరలు. సోడాబండి దగ్గర మామ బండి పక్కకు తీసి, ఆపి, రెండు కాళ్లూ నేల మీద ఆనించాడు. వెనక్కి తిరగలేదు.

"నేను నలుగురికి చెప్పినానమ్మా," అన్నాడు.

అంతకంటే తిట్టినా బాగుండేది. ఐశ్వర్య వేళ్లు సీటు కింది ఇనపకడ్డీని పట్టుకున్నాయి. ఆటోలు పోతున్నాయి. ఆ తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీ మడత ఒకటి నిలువుగా ఉంది, దాన్నే చూస్తూ కూచుంది.

"ఆయమ్మ మరి ఏం కట్టింది ఆ పొద్దు?"

"కనపడలేదు మామా. జరమొచ్చి పండుకోనుంది. గొంతు దాకా దుప్పటి కప్పినారు."

మామ ఆలోచించాడు. "దుప్పటి ఏం రంగు?"

"నీలం. తెల్ల గళ్లు," అంది, అని, ఇంక దాచేదేముందని, "నేను చెప్పిన రంగులు వంకాయలవి మామా. ఒళ్లో వంకాయలుండె. వాటిని చూసి చెప్పినా."

ఇస్త్రీ మడత కదిలింది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్న ఆ ఒక్క క్షణం తర్వాత గానీ అది నవ్వని తెలియలేదు. "అదీ తిరగేసి చెప్పినావే అమ్మా," అన్నాడు మామ, నవ్వు మధ్యలో మాట తడబడుతూ, "వంకాయకు ఒళ్లు ఊదా, అంచు పచ్చ. చీరకు పచ్చ ఒళ్లు యేయించినావే నా చేత." కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాక నవ్వు లేదు. "రేపు పోయి చెప్పొస్తా. మందాకిని చీర కాదు, మా ఇంట్లోదే అని చెప్తా. కొన్నోళ్లకు గూడా చెప్పమంటా. వద్దంటే ఎనక్కి తీసుకుంటా."

"నేను కూడా వస్తా మామా. నేనే చెప్తా."

"రా," అన్నాడు, బండి స్టార్ట్ చేశాడు.

ఇంట్లో అత్త ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది, నెల తర్వాత ఆ గడప దాటితే మెట్టె గుమ్మానికి తగిలి టింగుమంది. మగ్గం మీద మూడో చీర, జానెడు మిగిలి ఉంది, చిలకపచ్చ, వంగపండు, దీపం వెలుతురులో ఎవరిదీ కాని అందంతో మెరుస్తూ. మామ గుంటలోకి దిగాడు. ఏడున్నర. బంగారు అక్షరాలు పడ్డాయి. చౌడక్క కొంగు సిద్ధం చేసుకుంది. ఎవరివో గొంతులు, ఏదో గొడవ, తర్వాత అందరూ ఒక్కసారి ఆగిపోయి వేణువు, నాడె కూడా ఆగింది, కిటికీ వైపు తిరిగిన ఆ వీపు వెనక్కి వినడానికి కాస్త నిటారు అయింది.

"వచ్చింది మందాకినేనా అమ్మా? ఏం కట్టింది?"

ఫోను మోగుతోంది, సురేంద్ర, బండి దిగినట్టున్నాడు. ఐశ్వర్య దాన్ని బోర్లా తిప్పి పెట్టి, టీవీ దగ్గరికి జరిగి, కళ్లు ఆ తెర మీదే పెట్టింది.

"ఉండండి మామా," అంది. "చూసి చెప్తా."